15 వేల జీన్స్‌లో గుడ్డ ఎంత, పేరు ఎంత?

మీరు అడిగింది ఇదీ: విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు, రుషికొండ ఐటీ హిల్ మీద ఉద్యోగం, రోజూ బైక్ మీద రాకపోకలు. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, నడుము 34, తొడలు కాస్త లావు. మూడు వేలు పెట్టి ఏ జీన్స్ కొన్నా ఏడాది తిరక్కుండా తొడల మధ్య చిరిగిపోతోంది. అమెరికాలో ఉన్న మీ బావగారు వస్తూ డిజైనర్ జీన్స్ తెస్తానంటున్నారు, మన డబ్బుల్లో 15 వేలు పైమాటే. ఆ పేరుకి తగ్గ నాణ్యత ఉంటుందా, ఫిట్ ఎలా చూసుకోవాలి?

సూటిగా చెప్పేస్తాను. మీ జీన్స్ చిరుగుతున్నది ధర తక్కువై కాదు. ఇప్పుడు వేసుకుంటున్న కొలతలోనే 15 వేలది తెప్పించుకుంటే అదీ అక్కడే పోతుంది, కాకపోతే ఏడుపు ఐదు రెట్లు ఉంటుంది.

నేను కొన్నాళ్లు బెంగళూరులో డెనిమ్ వాషింగ్ యూనిట్లో క్వాలిటీ చెకింగ్ చేసి, తర్వాత మన ఊరొచ్చి డాబాగార్డెన్స్ దగ్గర ఆల్టరేషన్ షాపు పెట్టుకున్నవాణ్ణి. పూర్ణా మార్కెట్లో బేరమాడి ఆరేడు వందలకి కొన్నవీ, మాల్లో ఆఫర్‌లో కొన్నవీ, న్యూజెర్సీ నుంచి సూట్‌కేసులో దిగినవీ అన్నీ ఆ ఒక్క టేబుల్ మీదకే వస్తాయి. "ఇదేటండీ, కొని ఆర్నెల్లు కాలేదు" అంటూ తెచ్చేవాళ్లలో మూడు రకాల వాళ్లూ ఉంటారు.

అలా చిరిగిన ప్యాంటు వస్తే నేను ముందు దాన్ని ట్యూబ్‌లైటుకి ఎదురుగా ఎత్తి చూస్తాను. కంటికి కనిపించే చిరుగు అంగుళం ఉంటుంది. దాని చుట్టూ అరచెయ్యంత మేర గుడ్డ జల్లెడలా అయిపోయి ఉంటుంది. డెనిమ్‌లో నిలువు పోగులకే నీలం రంగు వేస్తారు, అడ్డపోగులు తెలుపే. నేతలో పైకి ఎక్కువగా తేలేది నిలువు పోగు. తొడకి తొడ రాసుకుంటే ముందు అరిగేది అదే. నీలం అరిగిపోయి తెల్ల అడ్డపోగులు మాత్రం మిగిలాక, ఓ రోజు బైక్ ఎక్కుతూ కాలు చాపితే చాలు, పర్రున పోతుంది. చిరిగింది ఆ రోజే అని మనం అనుకుంటాం గానీ, గుడ్డ చచ్చిపోయి అప్పటికే రెండు మూడు నెలలై ఉంటుంది.

ఇంత త్వరగా అరగడానికి అసలు కారణం సీటు దగ్గరా తొడ దగ్గరా గుడ్డ చాలకపోవడం. నడుం దగ్గర 34 అని రాసుంది, బొత్తాం పట్టింది, సరిపోయిందనుకుంటాం. కానీ కింద తొడ దగ్గర గుడ్డ ఎప్పుడూ లాగబడే ఉంటుంది. బైక్ మీద కూర్చున్నప్పుడు ఆ లాగుడంతా నాలుగు కుట్లు కలిసే చోటకి, అంటే కాళ్ల మధ్య ముడికి చేరుతుంది. దానికి తోడు మన ఊరి ఉక్కపోత. ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా మధ్యాహ్నం ఎవరి ప్యాంటు చూసినా లోపల తడిగానే ఉంటుంది. చెమటతో తడిసి, ఉప్పు పేరుకుని, బిగుతుగా ఉన్న గుడ్డ పొడి గుడ్డ కన్నా చాలా త్వరగా అరుగుతుంది. దీనికి బ్రాండ్ ఏం చేస్తుంది చెప్పండి?

ఇక ఆ పేర్ల సంగతి. జీన్స్ పుట్టిందే కూలీల బట్టగా. అమెరికాలోని రెనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే టైలర్ జేబుల మూలలు చిరగకుండా రాగి రివెట్లు కొట్టడం మొదలుపెట్టి, గుడ్డ అమ్మే లెవి స్ట్రాస్‌తో కలిసి 1873లో పేటెంట్ తీసుకున్నాడు. అంటే దాని మొదటి గొప్ప చిరగకపోవడమే. 1970ల చివర్లో గ్లోరియా వాండర్‌బిల్ట్, కాల్విన్ క్లైన్, జోర్డాష్ వచ్చి వెనక జేబు మీద పేరు పెట్టి అమ్మడం మొదలెట్టాక కథ మారింది. 1980లో కాల్విన్ క్లైన్ బ్రూక్ షీల్డ్స్‌తో చేసిన టీవీ ప్రకటనల మీద అమెరికాలో పెద్ద గొడవే అయింది, సరుకు కూడా అంతే అమ్ముడుపోయింది. తర్వాత 2000లో లాస్ ఏంజెలెస్‌లో సెవెన్ ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్, 2002లో ట్రూ రిలిజియన్ వచ్చి, జీన్స్‌కి 200 డాలర్లు పెట్టడం మామూలే అన్నట్టు చేశాయి. లావు దారంతో గుర్రపు లాడం బొమ్మ కుట్టిన ట్రూ రిలిజియన్ జేబులు మీకూ గుర్తుండే ఉంటాయి. అంత పేరున్న ఆ కంపెనీయే 2017లో ఒకసారి, 2020లో ఇంకోసారి దివాలా పిటిషన్ వేసింది. మధ్యలో గుడ్డ మారిపోయిందని కాదు, జనం మోజు మారింది. జీన్స్‌లో పేరు ఎక్కువగా వెనక జేబు మీదే బతుకుతుంది. జేబు మీది రెండు వంపుల కుట్టుని ఎవరైనా పోలినట్టు కుడితే లెవీస్ ఎంతమంది మీద కోర్టుకెళ్లిందో చూస్తే, కంపెనీలకి కూడా ఆ సంగతి తెలుసని అర్థమవుతుంది.

మన దగ్గరా ఆ మోజు చిన్నదేం కాదు. అహ్మదాబాద్ అరవింద్ మిల్స్ వాళ్లు 1980లోనే ఫ్లయింగ్ మెషీన్ తెచ్చారు. 90ల్లో అదే కంపెనీ రఫ్ అండ్ టఫ్ పేరుతో కుట్టని జీన్స్ అమ్మింది: గుడ్డ, జిప్, రివెట్లు, లేబుల్ అన్నీ ఒక ప్యాకెట్లో. మీరు కొనుక్కుని మీ టైలర్‌కి ఇచ్చుకోవాలి. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, ఫిట్ విషయంలో అంత తెలివైన ఆలోచన మళ్లీ రాలేదని నా అభిప్రాయం. బ్రాండ్ గుడ్డ, మీ ఒంటి కొలత.

సరే, 15 వేల జీన్స్‌లో నిజంగా డబ్బు ఎక్కడికి పోతుంది? గుడ్డకి కొంత పోతుంది, అది న్యాయమే. జపాన్‌లో కైహారా, కురోకి, ఇటలీలో మిలాన్ దగ్గరి కాండియాని, టర్కీలో ఇస్కో, ఇలాంటి మిల్లుల గుడ్డ చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. కానీ ఒక మాట. మన అరవింద్ కూడా ప్రపంచంలోని పెద్ద డెనిమ్ తయారీదార్లలో ఒకటి, విదేశీ బ్రాండ్లెన్నో అక్కడి గుడ్డ కొంటాయి. ఒకే మిల్లు గుడ్డ మూడు వేల ప్యాంట్లోనూ పది వేల ప్యాంట్లోనూ ఉండొచ్చు. అంచు మీద ఎర్రగీత చూపించి 'సెల్వెడ్జ్' అంటూ రెట్టింపు ధర చెబుతారు. పాతకాలపు సన్నపన్నా మగ్గాల మీద నేసినప్పుడు అంచు దానంతటదే మూసుకుంటుంది, ఆ గీత దాని గుర్తు. నేత అందంగా ఉంటుంది, పాతబడేకొద్దీ రంగు బాగా తేలుతుంది. గట్టితనానికీ ఆ గీతకీ మాత్రం సంబంధం లేదు.

తర్వాత డబ్బు పోయేది వాషింగ్‌కి. నేను ఆ పనిలోంచి వచ్చినవాణ్ణే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను. కుట్టిన జీన్స్ ముదురు నీలంగా, అట్టలా ఉంటుంది. దాన్ని పాతబడినట్టు చెయ్యడానికి ప్యూమిస్ రాళ్లతో తిప్పుతారు, ఎంజైములు వేస్తారు, తొడ దగ్గర తెల్లబరచడానికి పొటాషియం పర్మాంగనేట్ చల్లుతారు, ముడతల గీతలు ఉప్పుకాగితంతో చేత్తో గీకుతారు. ఇప్పుడు చాలాచోట్ల లేజర్ వచ్చింది. ఒకప్పుడు ఇసుకని గాలి ఒత్తిడితో కొట్టేవారు, దాంతో పనివాళ్ల ఊపిరితిత్తులు పాడై ప్రాణాలు పోతుంటే 2009లో టర్కీ దాన్ని నిషేధించింది. మంచి డిజైనర్ జీన్స్‌లో ఈ పని నిజంగా గొప్పగా ఉంటుంది. ముడతల గీతలు మనిషి కూర్చుంటే ఎక్కడ పడతాయో సరిగ్గా అక్కడే ఉంటాయి. చవకదాంట్లో ఆ గీతలు రెండంగుళాలు పైకో కిందికో పోయి, అచ్చు వేసినట్టు రెండు కాళ్ల మీదా ఒకేలా కనిపిస్తాయి. చూడ్డానికి ఆ తేడాకి డబ్బు పెట్టొచ్చు. కానీ ఇదంతా గుడ్డని కావాలని అరగదీయడమే. ఎంత అందంగా పాతబడితే అంత బలం షాపులోనే పోయినట్టు. మోకాలి దగ్గర చిరుగులున్న జీన్స్ 18 వేలు పెట్టి కొని, అది తొడ దగ్గర కూడా చిరిగిందని కోపగించుకుంటే నేనేం చెప్పను?

కాబట్టి మీ సమస్య ఉన్నవాళ్లు ఎంత డబ్బు పెట్టినా సరే, ముదురు నీలం, ఒకట్రెండుసార్లు నీళ్లలో ముంచి తీసినట్టుండే రిన్స్ వాష్ మాత్రమే తీసుకోవాలి. ఆఫీసుకీ అదే బాగుంటుంది. రంగు మీ ఒంటి మీదే మెల్లగా దిగుతుంది. ఇండిగో పోగు లోపలిదాకా ఇంకదు, పైపొరలో ఆగుతుంది, అందుకే జీన్స్ రంగు అంత అందంగా పోతుంది. మొదటి నాలుగైదు ఉతుకుల దాకా తెల్ల సోఫా మీదా, తెల్ల షూస్ మీదా నీలం అంటుతుంది, దానికి టెన్షన్ పడొద్దు.

ఇప్పుడు స్ట్రెచ్. ఈ రోజుల్లో మగవాళ్ల జీన్స్‌లో కూడా ఎక్కువ భాగం సాగే గుడ్డే. లేబుల్ మీద 98 శాతం కాటన్, 2 శాతం ఎలాస్టేన్ అని ఉంటే మంచిదే. బైక్ నడిపేవాళ్లకి ఆ ఒకటి రెండు శాతం సుఖంగా ఉంటుంది. ఈ రబ్బరు పోగు సాధారణంగా అడ్డపోగులోనే ఉంటుంది, అందుకే వెడల్పులో సాగుతుంది, పొడవులో సాగదు. వేడి దీనికి శత్రువు. మే ఎండలో డాబా మీద రోజంతా ఆరేసి, పైన కాలే ఇస్త్రీ పెట్టి, ఏడాది గడిచాక చూడండి: మోకాళ్ల దగ్గర ఉబ్బి, మళ్లీ లోపలికి రాదు, తొడ పక్కన గుడ్డ అలలు అలలుగా తేలుతుంది. దగ్గరికి తీసుకుని చూస్తే తెగిన రబ్బరు పోగుల కొసలు సన్నగా, తెల్లగా మెలితిరిగి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. దానికి ఏ టైలర్ దగ్గరా మందు లేదు. డిజైనర్ సరుకైనా ఇది తప్పదు. స్కిన్నీ మోడల్స్‌లో పాలిస్టర్ కూడా కలుపుతారు, అది మన ఉక్కపోతలో చిరాకు. మందాన్ని చదరపు గజం గుడ్డ బరువుతో చెబుతారు, 10 నుంచి 12 ఔన్సులు మన ఊరికి బాగుంటుంది. 14 ఔన్సుల రా డెనిమ్, అంటే అసలు వాష్ చెయ్యనిది, ఫోటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది గానీ, ఆగస్టు ముసురులో ఉతికితే రెండు రోజులకి కూడా నడుం పట్టీ ఆరదు, వాసన పట్టేస్తుంది.

ఫిట్ దగ్గరికొద్దాం. ముందు నడుము నంబరుని నమ్మడం మానేయండి. 34 అని రాసున్న ప్యాంటు నడుం పట్టీని టేపుతో కొలిస్తే చాలా బ్రాండ్లలో 35, 36 వస్తుంది. కొనేవాడికి సన్నబడ్డానన్న సంతోషం కలగడానికి చేసే పని ఇది. ఒక్కో బ్రాండ్ ఒక్కోలా కలుపుతుంది కాబట్టి, ఒకచోట 34 సరిపోయిందని ఇంకోచోట 34 తెప్పించుకోవడం జూదమే.

ఇంట్లో మీకు బాగా సుఖంగా ఉండే ప్యాంటు ఏదో ఒకటి ఉంటుంది కదా, అది కాటన్ ప్యాంటైనా పర్లేదు. బొత్తాం పెట్టి, నేల మీద చదునుగా పరిచి, టేపుతో కొలవండి. తొడ కొలత కాళ్ల మధ్య ముడికి ఒక అంగుళం కింద అడ్డంగా. ముందు రైజ్ అంటే ఆ ముడి నుంచి నడుం పట్టీ పైఅంచు దాకా. తర్వాత మోకాలు, బాటమ్, లోపలి పొడవు. మీరు చెప్పిన ఒడ్డూ పొడుగుని బట్టి నా అంచనా, పరిచి కొలిస్తే తొడ పన్నెండున్నర అంగుళాలకి తగ్గకూడదు, రైజ్ పదిన్నర, పదకొండు ఉండాలి. మీరు కొంటున్న స్లిమ్ ఫిట్‌లో తొడ పదకొండున్నర, రైజ్ తొమ్మిదిన్నర ఉంటాయని దాదాపు చెప్పగలను. ఆ అంగుళం తేడాలోనే మీ ప్యాంట్లన్నీ చిరుగుతున్నాయి. రైజ్ తక్కువైతే కూర్చున్నప్పుడు వెనక జారుతుంది, పైకి లాక్కుంటాం, లాక్కున్న ప్రతిసారీ ఆ ముడి మీద బరువు పడుతుంది. 'అథ్లెటిక్' అనో 'రిలాక్స్‌డ్ టేపర్' అనో పేరుండే మోడల్స్ మీలాంటి వాళ్ల కోసమే: తొడ దగ్గర వదులు, కిందికొచ్చేసరికి సన్నం. లెవీస్‌లో 541 అలాంటిదే.

తొడ సరిపోయి నడుము ఒకటి, ఒకటిన్నర అంగుళం వదులుగా ఉంటే కళ్లు మూసుకుని కొనండి. వెనక మధ్య కుట్టు దగ్గర నడుం పట్టీ విప్పి తగ్గించొచ్చు. రెండంగుళాలు దాటితే మాత్రం వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చి వికారంగా ఉంటుంది. అదే నడుము సరిపోయి తొడ బిగుతైతే వదిలేయండి. జీన్స్ కాలి కుట్టులో గుడ్డ మడతేసి జంట కుట్టు వేస్తారు, లోపల విప్పి వదలడానికి మిగులు ఉండదు. "కొంచెం లూజు చెయ్యండి" అని వచ్చేవాళ్లని నేను రోజూ వెనక్కి పంపుతుంటాను.

ట్రయల్ రూమ్‌లో నిలబడి అద్దం చూసుకోవడం కాదు, బైక్ మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి కూర్చుని లేవండి, గొంతుక్కూర్చోండి. ఎక్కడ పట్టేసిందో ఒళ్లే చెబుతుంది. తర్వాత లోపలికి తిప్పండి. కాళ్ల మధ్య ముడి దగ్గర నాలుగు కుట్లూ ఒకే బిందువులో కలిశాయా, దారం వదులుగా ఉందా చూడండి. జేబు లోపలి గుడ్డ మందంగా ఉందా, కర్చీఫ్‌లా పలచగా ఉందా? కంపెనీ డబ్బు మిగుల్చుకునేది మొదట అక్కడే, కాబట్టి నేను ముందు చూసేదీ అదే. ఆఖరికి రెండు బాటమ్‌లూ కలిపి పట్టుకుని వేలాడదీస్తే పక్క కుట్టు నిటారుగా దిగాలి. ఇప్పుడే ముందుకి తిరుగుతుంటే నాలుగు ఉతుకుల తర్వాత మోకాలి మీదకొస్తుంది.

అమెరికా నుంచి వచ్చే వాటిలో ఇంకో చిక్కుంది. చాలా డిజైనర్ బ్రాండ్లు నడుములు మాత్రమే మార్చి, పొడవు ఒకటే కుడతాయి, 33 లేదా 34 అంగుళాలు. మీకు 30 చాలు. మూడు, నాలుగంగుళాలు కత్తిరిస్తే బాటమ్ వెడల్పు పెరుగుతుంది, మోకాలి దగ్గర సన్నబడాల్సింది పిక్క దగ్గరికొస్తుంది. 15 వేలు దేనికి పెట్టారో ఆ షేపు అక్కడితో పోయింది. వాపసు ఇవ్వడానికీ కుదరదు, సముద్రం అవతల కదా.

పనిలో పనిగా ఇంకో మాట: వెనక జేబు అంచున ఉండే లెవీస్ ఎర్ర ట్యాబ్ మీద పేరు లేకుండా చిన్న ఆర్ గుర్తు (®, అంటే రిజిస్టర్డ్) మాత్రమే ఉంటే డూప్లికేట్ అని గాబరా పడుతూ వస్తారు. కంపెనీయే కొన్నిటికి అలా కావాలని కుడుతుంది. ఎర్ర ట్యాబే వాళ్ల గుర్తు అని చట్టం దగ్గర నిలబెట్టుకోవడానికి. అలాగే 'ఎక్స్‌పోర్ట్ సర్ప్లస్' అంటూ అమ్మేవాటిలో ఎన్నో బళ్లారిలోనో మన అనంతపురం జిల్లా రాయదుర్గంలోనో కుట్టినవి. అవి పనికిరావని నేననను, అక్కడి చేతులు జీన్స్ కుట్టడంలో ఆరితేరినవి. ఎగుమతి అన్న మాటకి అదనంగా డబ్బు ఇవ్వకండి, అంతే.

ఉతకడం గురించి కూడా అడుగుతారేమో. లెవీస్ సీఈవోగా ఉన్నప్పుడు చిప్ బెర్గ్ 2014లో తన జీన్స్ ఏడాదిగా ఉతకలేదని చెబితే మన కుర్రాళ్లు వేదవాక్కులా పట్టుకున్నారు. ఆయన ఉండేది శాన్ ఫ్రాన్సిస్కోలో. బీచ్ రోడ్డు మీద రోజూ బైక్ నడిపేవాడికి అది కుదరదు, పైన చెప్పినట్టు చెమట ఉప్పే గుడ్డని తినేస్తుంది. ఐదారుసార్లు వేసుకున్నాక తిరగేసి, చన్నీళ్లలో, తక్కువ సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి. నెలకోసారి తొడ దగ్గర వెలుతురుకి పట్టి చూడండి. పలచబడిన చోట చిరగకముందే లోపల గుడ్డముక్క పెట్టి, అదే రంగు దారంతో దగ్గర దగ్గరగా రఫూ కుట్టు వేయిస్తే ఇంకో ఏడాదైనా వస్తుంది. వంద, రెండొందల్లో అయిపోయే పని. చిరిగాక తెస్తే అతుకు కనిపించక మానదు.

మీ విషయానికి నేనైతే ఇలా చేస్తాను. బావగారికి డిజైనర్ బ్రాండ్ పేరు కాకుండా మీ ప్యాంటు ఐదు కొలతలు వాట్సాప్ చెయ్యండి. 30 పొడవు దొరికే బ్రాండ్‌లో, ముదురు రిన్స్ రంగులో, 98 శాతానికి తగ్గకుండా కాటన్ ఉన్నది, తొడ కొలత కలిసేది చూడమనండి. అక్కడ అది 60, 70 డాలర్లలో దొరుకుతుంది. డిజైనర్‌దే కావాలని మనసు లాగితే తప్పేం కాదు, ఆ వాష్, ఆ కట్టింగ్ ఇష్టపడి వేసుకునే వస్తువే. కాకపోతే పెళ్లిళ్లకీ సినిమాలకీ ఉంచుకోండి, రుషికొండ ఘాట్ ఎక్కించకండి. ఆయన కొనేముందు లోపలి లేబుల్ ఫోటో, తొడ దగ్గర టేపు పెట్టిన ఫోటో పంపమనండి. ఆ రెండూ ఇక్కడ పెడితే తీసుకోవచ్చో లేదో చెబుతాను.